మహజరు, పంచనామా, మధ్యవర్తినామా: ఠాణా కాగితములలో మన మాట

ఒకే కాగితమునకు మన తెలుగువారు నాలుగు పేర్లు పెట్టికొని యున్నారు. హోసూరు, కృష్ణగిరి, కోలారు ప్రాంతములవారు దానిని మహజరు అందురు. రాయచూరు, షోలాపూరు, నాందేడు ప్రాంతములవారు పంచనామా అందురు. గుంటూరు, నెల్లూరు వైపు బంధువుల యింటికి పోయినచో అదే కాగితము మధ్యవర్తినామా యగును. యానాములో ఫ్రెంచివారి నాటి వ్యవహారమున దానికి దగ్గరి కాగితము ప్రొసె వెర్బాల్. పోయిన బిందె ఎక్కడనో దొరికినప్పుడు, ఊరివారినిద్దరిని పిలిచి, వారి యెదుట ఆ వస్తువును ఎక్కడ, ఏ స్థితిలో చూచినది వ్రాసి, వారిచేత చేవ్రాలు పెట్టించు పత్రమిది. మహజరు అరబ్బీ మాట. మనము దినదినము వాడు హాజరు అను మాటకును దీనికిని మూలమొక్కటే. పదిమంది హాజరైయుండగా వ్రాసినది మహజరు. పంచనామాలో పంచ మనది, నామా పారసీకులది. మధ్యవర్తినామాలో సంస్కృతము, పారసీకము ఇరుగు పొరుగుగా కాపురముండుట చూడ ముచ్చటగా నుండును. కాగితము ఒక్కటే యైనను దాని పేరును బట్టి ఆ తెలుగు కుటుంబము ఏ ప్రభుత్వము క్రింద బ్రదికినదో చెప్పవచ్చును.

పోలీసు కాగితముల చరిత్ర సంఘ సంచికలకు తగిన విషయమా యని కొందరు శంకింపవచ్చును. వలస వచ్చి స్థిరపడిన మన కుటుంబముల పెట్టెలలో పెండ్లి శుభలేఖల ప్రక్కనే అర్జీ నకళ్లు, ఫిర్యాదు ప్రతులు, కోర్టు తీర్పుల కట్టలు కూడ నుండును. ఇంట తెలుగు, వీథిలో తమిళమో కన్నడమో ఒడియమో మరాఠీయో పలుకు మనకు, నోటి మాట కాగితమెక్కునప్పుడు ఏ భాషలో ఎక్కినది, ఎవరి చేత ఎక్కినది, తిరిగి మనకు చదివి వినిపించిరా లేదా యన్నవి చిన్న విషయములు కావు. ఆస్తి, మానము, ఒక్కొక్కప్పుడు ప్రాణము కూడ వీనిపై ఆధారపడిన సందర్భములు కలవు. కనుక ఈ పత్రములెట్లు పుట్టినవి, వానిలో మనవారి పాలెంత యున్నదో కొంత విచారింతము.

కుంపిణీ దొరతనమునకు ముందు గ్రామ రక్షణమంతయు తలారి, కావలి వారి చేతిలోనిది. దొంగజాడ తీయుట, పొలిమేర వరకు వెంబడించి పొరుగూరికి అప్పగించుట వారి పని. ఇందు వ్రాతకోతల ప్రసక్తి తక్కువ. చెన్నపట్నపు ప్రభుత్వము 1816 లో 11 వ రెగ్యులేషనును చేసి, గ్రామ పెద్దలకు, తహశీల్దారులకు, వారిపై కలెక్టరునకు పోలీసు అధికారము నిచ్చెను. నేరము జరిగినచో గ్రామ మునసబు పైవారికి తెలియజేయవలెను. ఊరిలో జరిగినది తాలూకా కచ్చేరికి కాగితము మీద పోవుట ఈ రెగ్యులేషనుతో ఒక క్రమమునకు వచ్చినది. కాని ఇందులో గొప్ప కీడు దాగియున్నది. పన్ను వసూలు చేయు చేయియు, నేరస్థుని పట్టు చేయియు ఒక్కటే యైనవి. శిస్తు కట్టలేని రైతునకును, దొంగతనము మోపబడినవానికిని ఒకే చావడిలో ఒకే చికిత్స జరుగసాగెను.

ఈ చికిత్స ఎట్టిదో లోకమునకు తెలియజేసినవాడు చెన్నపట్నమున స్థిరపడిన తెలుగు వర్తకుడగుట మన సంఘములవారు జ్ఞప్తియందుంచుకొనదగిన విషయము. గాజుల లక్ష్మీనరసు సెట్టిగారు 1806 లో జన్మించిరి. నీలిమందు, బట్టల వ్యాపారమున ధనము గడించి, ఆ ధనమును ప్రజాకార్యములకు వెచ్చించిరి. 1844 లో క్రెసెంటు అను ఆంగ్ల పత్రికను నడిపిరి. 1852 లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ అను సభను స్థాపించి, బ్రిటిషు పార్లమెంటునకు మహజరులు పంపిరి. ఆ దినములలో ప్రజలు సామూహికముగా చేయు విన్నపమునకు కూడ మహజరనియే పేరు. 1853 లో డాన్బీ సేమూరు అను పార్లమెంటు సభ్యుడు చెన్నపట్నము రాగా, సెట్టిగారు ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలు త్రిప్పి, శిస్తు కొరకు రైతులను పెట్టు బాధలను కన్నులార చూపించిరి. మరుసటి యేడు కామన్సు సభలో ఆ ప్రస్తావన వచ్చెను. చెన్నపట్నపు ప్రభుత్వము విచారణ సంఘమును నియమింపక తప్పినది కాదు.

ఆ సంఘపు నివేదిక 1855 లో వెలువడెను. ఎలియట్, స్టోక్స్, నార్టన్ అను ముగ్గురు సభ్యులు. రెండు వేలకు దగ్గరగా ఫిర్యాదులు వారికి చేరెను. కొన్ని ఉత్తరముల మూలమున, కొన్ని జనులు స్వయముగా వచ్చి చెప్పుకొనుట వలన. వ్రేళ్లను కొయ్యల నడుమ నొక్కు కిట్టి, దీనినే తెలుగువారు చిరత యనిరి. మనుష్యుని వంచి మెడకు కాళ్లకు త్రాడు కట్టి ఎండలో నిలుపు శిక్ష. ఇట్టివానిని పేరు పేరున ఆ నివేదిక వర్ణించినది. పన్ను కొరకును, నేరము ఒప్పించుట కొరకును ఇవి వాడుకలో నున్నట్లు సంఘము నిర్ణయించెను. మన దృష్టిలో ఆ నివేదిక విలువ వేరొకటి కూడ కలదు. అంతవరకు అధికారి ప్రజను గురించి వ్రాయుటయే కాగితము. ప్రజ అధికారిని గురించి చెప్పిన మాటలు అంత పెద్ద మొత్తమున అధికారపత్రమున కెక్కినది దక్షిణదేశమున ఆ నాడే యని తోచును.

దాని ఫలితములు త్వరితముగానే వచ్చినవి. 1859 లో 24 వ చట్టముచే చెన్నరాజధానిలో పోలీసు శాఖ రెవెన్యూ నుండి వేరు చేయబడెను. దేశమంతటికి వర్తించు పోలీసు చట్టము 1861 లో వచ్చినది. ఊరూర కొత్త ఉద్యోగి కనుపడసాగెను. ఆ కొత్త ఉద్యోగి విజయనగర ప్రాంతపు జనుల కంట ఎట్లు కనబడెనో తెలియగోరువారు గురజాడవారి కన్యాశుల్కమున హెడ్డు కనిస్టీబును చూడవచ్చును. మరియు 1861 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు 148 వ సెక్షనులో ఒక నిషేధము చేర్చిరి. పోలీసు అధికారితో ఎవడేని నేరము ఒప్పుకొన్నట్లు చెప్పినను, ఆ ఒప్పుకోలు అతనిపై సాక్ష్యము కాజాలదు. 1872 లో సాక్ష్యపు చట్టము చేసినప్పుడు అదే 25 వ సెక్షనైనది. 2023 లో ఆ చట్టమునకు బదులు కొత్త చట్టము చేసిరి గాని ఈ నిషేధమును విడువలేదు. చిరతల వలన పలికించిన మాట కోర్టులో చెల్లదని తెలిసినచో చిరతలు మూలబడునని ఆనాటివారి ఆశ. ఆశ ఎంతవరకు ఫలించినదో పాఠకులే యెరుగుదురు.

ఇక ఠాణాలో వ్రాయు పత్రములకు వత్తము. అన్నింటికి మొదటిది ఫిర్యాదు. దీనిని అందరు ఎఫ్.ఐ.ఆర్. అందురు గాని, దానికి ఆధారమైన 154 వ సెక్షనులో ఆ పేరే లేదు. నేరమును గూర్చి నోటితో చెప్పినచో ఠాణా అధికారి వ్రాసికొనవలెను. వ్రాసినది చెప్పినవానికి చదివి వినిపించవలెను. ఆపైన అతడు చేవ్రాలు చేయవలెను. సారాంశమును పుస్తకమున నెక్కించవలెను. 1882 నాటి స్మృతి మొదలు 1898, 1973 స్మృతుల మీదుగా 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173 వ సెక్షను వరకు ఈ మూడు మెట్లును చెక్కుచెదరలేదు. వ్రాయుట, చదివి వినిపించుట, చేవ్రాలు. మన వంటివారికి నడిమి మెట్టు ముఖ్యము. తమిళములో వ్రాసిన ఫిర్యాదును తమిళములోనే గడగడ చదివినచో, తెలుగు తప్ప వేరెరుగని ముదుసలికి అది చదివి వినిపించినట్లగునా? శాసనములో ఆ పదము వట్టి లాంఛనముగా పెట్టినది కాదు. వినువానికి తెలియుట కొరకే పెట్టినది.

ఫిర్యాదు నకలు ఖర్చు లేకుండ ఇయ్యవలెనన్న నియమము 1973 స్మృతితో వచ్చినది. అంతకు ముందు నకలు దొరకుట యొక ప్రయాస. ఫిర్యాదు ప్రతి మేజిస్ట్రేటునకు ఆలస్యము లేక పోవలెనన్న నియమము మాత్రము పాతది. ఇందుకు కారణము స్పష్టము: ఆలస్యమైన కొలది మాటకు రంగులు పులుముకొను అవకాశమెక్కువ. 1972 లో తమిళనాటి నుండి వెళ్లిన ఒక హత్య కేసులో సుప్రీముకోర్టువారు ఈ సంగతినే నొక్కి చెప్పిరి. 2013 లో లలితకుమారి కేసులో, తీవ్రనేరము జరిగినట్లు సమాచారము వచ్చినప్పుడు ఫిర్యాదు నమోదు చేయుట అధికారి ఇష్టము కాదు, విధి యని తీర్మానించిరి.

ఫిర్యాదు చెప్పినవాడు చేవ్రాలు చేయును. కాని దర్యాప్తులో పోలీసులు సాక్షుల నుండి వ్రాసికొను వాంగ్మూలముపై సాక్షి చేవ్రాలు చేయరాదు. ఈ విపరీతము చూచి కొత్తవారు ఆశ్చర్యపడుదురు. ఇది చిరకాలము నుండి వచ్చుచున్న నియమము. చేవ్రాలు చేసిన సాక్షి, తరువాత నిజము జ్ఞప్తికి వచ్చినను ఆ కాగితమునకు కట్టుబడిపోవును. పోలీసువారు వ్రాసిన మాటకు సాక్షిని పలుపుతో కట్టివేయరాదని శాసనకర్తల భావము. ఆ వాంగ్మూలము కోర్టులో సాక్షి చెప్పినదానికి విరుద్ధముగా నున్నదని చూపుటకు మాత్రమే ప్రతిపక్షమునకు పనికివచ్చును. ఫ్రెంచివారి పద్ధతి దీనికి సరిగా ఎదురు. వారి ప్రొసె వెర్బాల్ పై చెప్పినవాడు చేవ్రాలు చేయవలసినదే. యానాము 1954 జూనులో ఫ్రెంచి పాలన నుండి విడివడి, 1962 ఆగస్టులో శాసనరీత్యా భారతదేశమున చేరినది. అటు పిమ్మటనే మన క్రిమినలు స్మృతులు అచ్చట అడుగుపెట్టినవి. కాకినాడకు కూతవేటు దూరమున తెలుగు మాటలాడు యానాము రైతు చేవ్రాలు చేయగా, ఏటి కవతల అతని బావమరది చేవ్రాలు చేయనక్కరలేకపోయెను. ఏరొక్కటే, భాష యొక్కటే, కాగితములు రెండు.

చేవ్రాలు లేని ఈ వాంగ్మూలమును గూర్చి భారతదేశమంతటను న్యాయవాదులు నేటికిని ఉదాహరించు కేసు మన బరంపురమున పుట్టినదని ఒడిస్సాలోని మన సోదరులలో ఎందరెరుగుదురో! 1936 ఏప్రిలు 1 న ఒడిస్సా రాష్ట్రమేర్పడి, గంజాం ప్రాంతము చెన్నరాజధాని నుండి విడిపోయినది. ఇంచుమించు యేడాదికి, 1937 మార్చి 23 న, పూరీ రైలు స్టేషనులో మూడవ తరగతి పెట్టెలో ఎవరును తీసికొనిపోని ఉక్కు ట్రంకు ఒకటి కనబడెను. తెరచి చూడగా అందులో ఏడు ముక్కలుగా నరికిన పురుషుని శవము. చనిపోయినవాడు పిఠాపురమున దివాను కొలువులో బంట్రోతు. దివానుగారి కుమార్తె భర్త బరంపురమున కాపురముండెను. ఆ కుటుంబము బంట్రోతు నుండి 3000 రూపాయలు అప్పు తీసికొని యుండెను. బాకీ పుచ్చుకొనుటకు బరంపురము రమ్మని తనకు ఉత్తరము వచ్చినదని అతడు భార్యతో చెప్పి బయలుదేరెను. ఆ ఉత్తరముపై చేవ్రాలు లేదు.

పోలీసులు బరంపురపు యింటి యజమానిని అడుగగా, బంట్రోతు 21 వ తేది సాయంకాలము వచ్చి, బయటి గదిలో పరుండి, మరునాటి సాయంకాలము రైలులో వెళ్లిపోయెనని చెప్పెను. అప్పటికి అతడు ముద్దాయి కాడు; అరెస్టు కాలేదు. ఈ మాటను పోలీసులు వ్రాసికొనిరి. నేరము ఒప్పుకొన్నది ఇందులో లేదు. కాని, రాలేదనుటకు వీలులేకుండ చేసినది ఈ మాటయే. దీనిని సాక్ష్యముగా చదువవచ్చునా? ఒడిస్సాకు అప్పుడు స్వంత హైకోర్టు లేనందున అప్పీలు పాట్నాకు పోయెను, అక్కడి నుండి లండనులోని ప్రీవీ కౌన్సిలునకు పోయెను. 1939 జనవరిలో లార్డు అట్కిన్ తీర్పు చెప్పిరి. దర్యాప్తు నడుచుచుండగా పోలీసులతో చెప్పిన మాట, చెప్పునాటికి అతడు ముద్దాయి కాకున్నను, అతనిపై వాడరాదు. ఇది ఆ తీర్పులో ఒక అంశము. ఒప్పుకోలు అనగా నేరమును గాని, నేరమునకు సరిపడు సంగతులన్నింటిని గాని అంగీకరించుటయే యన్నది రెండవది. మూడవది మరింత ఆలోచింపదగినది: నేను బరంపురము పోవుచున్నానని చనిపోయినవాడు తన భార్యతో చెప్పిన మాట, అతని మరణమునకు దారితీసిన సందర్భములలోనిదగుట వలన సాక్ష్యముగా చెల్లును.

పోలీసు కలము వ్రాసినది పక్కకు పోయినది; పిఠాపురపు యింటిలో మగడు ఆలితో పలికిన మాట, ఏ కాగితమును ఎక్కకయే, సముద్రములు దాటి నిలిచినది. మిగిలిన సాక్ష్యము చాలునని అప్పీలు కొట్టివేయబడెను. పాకాల నారాయణస్వామి కేసని పేరుపొందిన ఈ తీర్పును న్యాయశాస్త్ర విద్యార్థులు కంఠస్థము చేయుచున్నారు గాని, ఇది గోదావరి మండలమునకును గంజాం మండలమునకును నడుమ రాకపోకలు చేయు తెలుగు కుటుంబముల కథ యని వారికి చెప్పువారరుదు.

మధ్యవర్తినామా విషయమున అట్టి ప్రసిద్ధి గుంటూరు మండలమునకు దక్కినది. ఒక గ్రామమున రెండు కక్షల నడుమ జరిగిన కొట్లాటలో హత్యలు జరిగెను. పట్టుబడినవారిలో ఒకడు, తాను బల్లెమును ఫలానివారి గడ్డివామిలో దాచితిననియు, వచ్చినచో చూపుదుననియు చెప్పగా, ఆ మాటతోపాటు హత్య ఎట్లు చేసితిమో అతడు చెప్పినదంతయు మధ్యవర్తుల యెదుట కాగితమున కెక్కినది. 1946 డిసెంబరులో పులుకూరి కోటయ్య కేసను పేర ప్రీవీ కౌన్సిలువారు దీనిని తీర్మానించిరి. ఒప్పుకోలు చెల్లదన్న నిషేధమునకు సాక్ష్యపు చట్టములో 27 వ సెక్షను ఒక కిటికీ. చెప్పినదానివలన వస్తువు దొరికినచో, దొరకుటకు సంబంధించినంత మాట చెల్లును. కిటికీ ఎంత వెడల్పన్నదే తగాదా. దొరికిన సంగతి యనగా వట్టి బల్లెము కాదు, అది దాగియున్న చోటును, ఆ చోటు ఇతనికి తెలియుటయు మాత్రమే. దానితో పొడిచితిమన్న మాట ఆ కిటికీలో పట్టదు. నాటి నుండి ఆంధ్రదేశపు కోర్టులలో మధ్యవర్తినామాను చదువునప్పుడు దాచితిని, చూపుదును అన్న ముక్కను మాత్రము వేరుచేసి చదువుదురు. ఆ కేసులోనే ఒక సర్కిల్ ఇన్స్పెక్టరు తన నోటుబుక్కులో వ్రాసికొన్న సాక్షుల మాటల నకళ్లు ముద్దాయిలకు సకాలమున అందలేదని తేలినది. ప్రీవీ కౌన్సిలువారు దానిని తేలికగా తీసికొనలేదు.

దర్యాప్తు అధికారి దినదినము వ్రాయు కేసు డైరీ వేరు. ఎన్ని గంటలకు సమాచారమందినది, ఎక్కడెక్కడికి పోయినది, ఏమి కనుగొన్నది అందులో నుండును. కోర్టు దానిని తెప్పించుకొని చూడవచ్చును గాని సాక్ష్యముగా వాడరాదు, ముద్దాయికి చూపనక్కరలేదు. శవము దొరికినప్పుడు ఊరివారిద్దరి ముగ్గురి యెదుట వ్రాయు శవ పంచనామాలో గాయములు, మరణకారణముగా తోచినది వ్రాయుదురు. చంపినవాడెవడో తేల్చుట దాని పని కాదు. దర్యాప్తు ముగిసిన పిమ్మట మేజిస్ట్రేటునకు పంపు తుది నివేదికనే చార్జిషీటు అందురు. నేరము రుజువు కాదని తోచినచో ఆ సంగతిని తెలుపు నివేదికయు అదే సెక్షను క్రిందిది.

సాక్షి వాంగ్మూలమును కోర్టులో ఎంతవరకు వాడవచ్చునన్న చిక్కును 1959 లో తహశీల్దారు సింగు కేసులో సుప్రీముకోర్టు విప్పినది. అధికసంఖ్యాకుల తీర్పు వ్రాసినవారు రాజమహేంద్రవరమున జన్మించి, చెన్నపట్నపు హైకోర్టులో న్యాయమూర్తియై, 1954 లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావుగారు. సాక్షి పోలీసులతో చెప్పకుండ విడిచిన మాటలన్నియు విరుద్ధములు కావు. చెప్పినదానిలో తప్పక ఇమిడియుండవలసినది లేకపోయినప్పుడే విరుద్ధము. చదువుటకు సన్నని గీత వలె తోచును గాని, దీనిపై ప్రాణములు నిలుచును.

ఠాణాలో మరియొక జాతి కాగితము కలదు. అది జరిగిన నేరమును గూర్చినది కాదు, మనుష్యుని గూర్చినది. హిస్టరీ షీటు. పేరు, ఆనవాళ్లు, బంధువులు, రాకపోకలు అందులో ఏండ్ల తరబడి చేరుచుండును. ఒక మనుష్యుని గూర్చియే కాక ఒక కులము మొత్తమును గూర్చి ఇట్టి వ్రాత వ్రాసిన కాలము కూడ నున్నది. 1911 నాటి నేరజాతుల చట్టము క్రింద చెన్నరాజధానిలో ఎరుకల మొదలగువారిని పేర్లు వ్రాసి, వ్రేలిముద్రలు తీసి, హాజరు పలికించిరి. 1913 లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురము సాల్వేషన్ ఆర్మీ వారి పర్యవేక్షణలో అట్టి నివాసముగా వెలసినది. పుట్టిన బిడ్డ ఏ నేరమును చేయకముందే ఠాణా పుస్తకమున కెక్కిన స్థితి అది. 1952 లో ఆ చట్టము దేశమంతట రద్దయ్యెను. స్టూవర్టుపురమన్న పేరు వినగనే నేటికిని కొందరు పెదవి విరుచుట, కాగితము రద్దైనను దాని మరక త్వరగా పోదనుటకు నిదర్శనము. దూరదేశములకు పోయి కష్టపడి బ్రదుకు ఎరుకల, వడ్డెర కుటుంబములు మన సంఘములలో నున్నవి. వారి విషయమున మనవారే ఆ పాత వ్రాతను నోట తిరుగవేయుట మేము విని యున్నాము. అది చాల చింతింపదగినది.

హిస్టరీ షీటు గలవాని తలుపు అర్ధరాత్రము తట్టి, ఉన్నాడో లేడో చూచు అధికారము పోలీసులకు కలదా యను ప్రశ్న 1962 డిసెంబరులో ఖరక్ సింగు కేసులో వచ్చెను. రాత్రివేళ ఇండ్లకు పోవుట చెల్లదని అందరును అంగీకరించిరి. కాని సుబ్బారావుగారు మరియొక న్యాయమూర్తితో కలిసి అంతటితో నిలువక, వెంటాడుచు కనిపెట్టియుండుట కూడ మనుష్యుని స్వేచ్ఛకు భంగమేయని వేరుగా వ్రాసిరి. నాడు అది మైనారిటీ అభిప్రాయము. 2017 లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినప్పుడు సుబ్బారావుగారి మార్గమే సరియైనదిగా నిలిచినది.

ఇక భాష. నిజాము రాజ్యమున ఠాణా అధికారి అమీను, అతని కాగితములు ఉర్దూలో. రాయచూరు, బీదరు, నాందేడులలోని తెలుగువాని మాట మొదట ఉర్దూలో ఎక్కి, 1956 తరువాత కన్నడములోనో మరాఠీలోనో ఎక్కినది. బళ్లారి 1953 అక్టోబరు 1 న మైసూరులో చేరినది. ఒడిస్సా 1954 లోను, చెన్నరాష్ట్రము 1956 లోను, మైసూరు 1963 లోను రాజభాషా చట్టములు చేసికొన్నవి. ఆయా రాష్ట్రముల ప్రజలకు అది న్యాయమైన కోరికయే. మనమును ఆంధ్రదేశమున కోరినది అదియే కదా. కాని ఆ మార్పుతో సరిహద్దుల కిటువైపు నున్న తెలుగువాని మాట, కాగితమెక్కుటకు ముందు ఒకరి నోట భాష మారవలసి వచ్చినది. ఎవరి నోట? తరచుగా ఠాణాలో నుండు తెలుగు తెలిసిన కానిస్టేబులు నోట, లేనిచో వెంట వచ్చిన పొరుగువాని నోట. కొట్టెను అన్న మాటకును, కొట్టబోయెను అన్న మాటకును గల దూరమెంతో తగాదాలలో పడినవారెరుగుదురు.

దీనికి శాసనములో కొంత ఆదరవు లేకపోలేదు. రాజ్యాంగము 350 వ అధికరణము ప్రకారము కష్టము చెప్పుకొను విన్నపమును కేంద్రములో గాని రాష్ట్రములో గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను ఏ అధికారికైనను ఇచ్చుకొనవచ్చును. భాషా అల్పసంఖ్యాకుల కొరకు ప్రత్యేకాధికారి యుండవలెనని 1956 లో ఏడవ సవరణ మూలమున చేర్చిరి. కోర్టులో సాక్షి కోర్టు భాష కాక వేరు భాషలో చెప్పినచో, వీలైనంతవరకు ఆ భాషలోనే వ్రాసికొనవలెను, లేనిచో సరియైన అనువాదము సిద్ధము చేయవలెను. మహారాష్ట్రము నుండి వెళ్లిన ఒక నిర్బంధపు కేసులో, 1962 లో సుప్రీముకోర్టు ఇంకను ముందుకు పోయినది. నిర్బంధకారణములను ఆంగ్లములో ఇచ్చి, అధికారి నోటిమాటగా వివరించితినన్నంత మాత్రమున చాలదు. నిర్బంధితునకు తెలిసిన భాషలో, తెలిసిన లిపిలో అవి యుండవలెనని తీర్పు. ఠాణాలోని ఫిర్యాదుకు ఈ తీర్పు నేరుగా వర్తింపదు. కాని చదివి వినిపించుట యనగా ఏమో గ్రహించుటకు ఇంతకంటె మంచి వెలుగు దొరకదు.

2024 నుండి వచ్చిన మార్పులలో మన కుటుంబములకు పనికివచ్చునవి కొన్ని కలవు. నేరము ఎక్కడ జరిగినను, ఏ ఠాణాలోనైనను సమాచార మియ్యవచ్చును. షోలాపూరున నున్న కొడుకు స్వగ్రామపు విషయమును షోలాపూరుననే చెప్పవచ్చును. విద్యుత్సాధనములచే పంపిన సమాచారముపై మూడు దినములలో చేవ్రాలు చేయవలెను. సోదా జరుపునప్పుడు దృశ్యమును, ధ్వనిని చిత్రీకరించవలెనని 105 వ సెక్షను నిర్దేశించుచున్నది. దర్యాప్తు ఎంతవరకు వచ్చినదో తొంబది దినములలోగా ఫిర్యాదికి తెలుపవలెను. సున్నితములైన కేసులు తప్ప, ఫిర్యాదులను ఇరువది నాలుగు గంటలలో పోలీసు శాఖ వారి అంతర్జాల పుటలో ప్రకటింపవలెనని 2016 లోనే సుప్రీముకోర్టు ఆదేశించి యున్నది. కనుక తమిళములోనో కన్నడములోనో వ్రాసిన ఫిర్యాదును, చదువనేర్చిన యింటి పిల్లవాడు ఆ రాత్రియే పెద్దలకు తెలుగున వినిపించుటకు వీలున్నది. అందులో నాయనమ్మ చెప్పిన తేది, పేర్లు, సరిహద్దులు సరిగా నున్నవో లేవో అప్పుడే చూచికొని, లోపమున్నచో మరునాడే వ్రాతపూర్వకముగా తెలియజేయవచ్చును. మన సంఘ భవనములలో వారమున కొకనాడు సాయంకాలము రెండు భాషలు చదువనేర్చిన యువకు డొకడు కూర్చుండి ఈ పని చేసిపెట్టుట యేమంత కష్టము కాదు. నకలును మాత్రము చేవ్రాలు చేసిన దినముననే, ఠాణా గుమ్మము దాటకముందే అడిగి పుచ్చుకొనవలెను.